గ్రూపు ఎంచుకునేది ఎవరు? పదో తరగతి పిల్లలు, మన రైతు ఇళ్లు

(నాంపల్లిలో జరిగిన మన సంఘం మండల కార్యకర్తల తరగతిలో సంఘ సభ్యుడైన ఒక రిటైర్డ్ లెక్కల సారు చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, యూరియా గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను పిల్లల పరీక్షల గురించి చెప్పమన్నారు. రైతు సంఘం తరగతిలో ఈ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మీ ఊళ్లో పోయిన ఏడు బయట అప్పు తెచ్చిన పది ఇళ్లను ఒకసారి తలచుకోండి. అందులో ఎన్ని ఇళ్లు విత్తనాలకు, మందులకు తెచ్చాయి? ఎన్ని ఇళ్లు పిల్లల కాలేజీ ఫీజుకు తెచ్చాయి? లెక్క మీరే వేసుకోండి. పంట అప్పు గురించి మాట్లాడే సంఘం ఫీజు అప్పు గురించి మాట్లాడకపోతే సగం మాటే మాట్లాడినట్టు.

మనం కూర్చున్న చోటు చూడండి. ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం విద్యాభవన్ ఈ నాంపల్లిలోనే ఉంది. ఆబిడ్స్ వైపు పోతే పదో తరగతి పరీక్షలు జరిపించే ప్రభుత్వ పరీక్షల విభాగం ఉంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా ఇక్కడే. మన పిల్లల బతుకు మలుపు తిప్పే కాగితాలన్నీ ఈ నాలుగు వీధుల్లోనే తయారవుతాయి. మనం మాత్రం నాంపల్లి స్టేషన్లో రైలు దిగి ధర్నాకు పోతాం, మళ్లీ రైలెక్కి ఊరికి పోతాం. ఈ ఆఫీసుల దాకా వచ్చేది పిల్లల విషయంలో ఏదో ఒకటి చెడిపోయిన తర్వాతే.

అలా వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్ అన్నారు. పరీక్ష రాసినవాళ్లకు రాయలేదని పడింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది, మళ్లీ చూస్తే తొంభై తొమ్మిది మార్కులు. తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాల వాళ్లు ఇదే బోర్డు గేటు ముందు రోజుల తరబడి నిలబడ్డారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్లీ చూడమన్నది. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కానీ ఆ లోపే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

బోర్డు తప్పును నేను తక్కువ చేయడం లేదు. ఆ తప్పుకు జవాబు అడగాల్సిందే, అడిగాం కూడా. అయినా ఆ రోజుల్లో నన్ను నిద్రపోనివ్వని ఆలోచన ఇంకొకటి ఉంది. ఫలితం వచ్చిన ఆ సాయంత్రం ఆ ఇళ్లల్లో ఏ మాట వినపడి ఉంటుంది? మార్కులు మళ్లీ లెక్కపెట్టించుకోవచ్చని, నెల తిరగ్గానే సప్లిమెంటరీ ఉందని చెప్పే పెద్దమనిషి ఆ వాడకట్టులో ఒక్కడైనా ఉన్నాడా? అలా చెప్పే మనిషి ప్రతి ఊళ్లో ఉండాలి. ఆ మనిషి మన సంఘం నుంచే రావాలి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలన్నదే.

ముందు నా తప్పు చెబుతాను

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. నా పెద్ద కొడుకు పదో తరగతి పాసైనప్పుడు వాణ్ణి ఒక్క మాట అడగలేదు. లెక్కల సారు కొడుకు ఎంపీసీ కాక ఇంకేం చదువుతాడనుకున్నాను. పట్నంలో హాస్టలున్న కాలేజీలో వేశాను. ఫీజుకు నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాను. మొదటి ఏడే రెండు పేపర్లు పోయాయి. రెండో ఏడు సెలవులకు వచ్చినప్పుడు వాడు పొలం గట్టు మీద కూర్చుని, "నాయినా, నాకు మొక్కలంటే ఇష్టమని నీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. ఇంటి వెనక వాడు అంట్లు కట్టిన జామ చెట్లు నా కళ్ల ముందే ఉన్నాయి. అయినా అడగలేదు.

తర్వాత వాడు పదో తరగతి మార్కుల మీదే వ్యవసాయ డిప్లొమాలో చేరాడు. ఇవాళ మండల కేంద్రంలో విత్తనాలు, మందుల దుకాణం నడుపుతున్నాడు. బాగానే ఉన్నాడు. కానీ ఆ రెండేళ్లూ తిరిగి రాలేదు. అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. వాడు నాతో మనసు విప్పి మాట్లాడటానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

మనం విత్తనం కొనేటప్పుడు ఏం చేస్తాం? పోయిన ఏడు ఎవరి చేన్లో ఎట్లా పండిందో అడుగుతాం. మన నేల నల్లరేగడా, చెల్కా చూస్తాం. బోరులో నీళ్లెన్ని ఉన్నాయో చూస్తాం. అదే పిల్లవాడి గ్రూపు దగ్గరికి వచ్చేసరికి, మే నెలలో ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో చెప్పింది విని, పక్కింటి పిల్లవాణ్ణి చూసి ఒక్క పూటలో తేల్చేస్తాం. నేల స్వభావం అడిగినవాళ్లం పిల్ల స్వభావం అడగం.

పదో తరగతి ఏడాదిని ఒక పంట కాలంగా చూడండి

పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. ఒక్కోదానికి నూరు మార్కులు. అందులో 80 రాత పరీక్షకు, 20 బడిలో పెట్టే అంతర్గత పరీక్షలకు, ప్రాజెక్టులకు. సైన్సు రెండు పేపర్లుగా, రెండు వేర్వేరు రోజుల్లో ఉంటుంది. పెద్ద పరీక్షలు మార్చిలో మొదలవుతాయి.

మన పనుల క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరుడు. కూలి దొరకదు, దొరికినా కిలోకు ఇంత అని పెంచుతారు. పిల్లను బడి మాన్పించి చేనుకు తీసుకుపోతాం. జనవరి దాటితే మిరప తోటలు. ఫిబ్రవరి, మార్చిలో యాసంగి వరికి రాత్రి మోటరు పెట్టడానికి పిల్లవాణ్ణి పంపుతాం. అంటే బడిలో ముఖ్యమైన పాఠాలు నడిచే నెలలూ, పునశ్చరణ నెలలూ రెండూ మన పనుల్లోనే పోతాయి.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. నా తరగతిలో త్రికోణమితి చెప్పిన రెండు వారాలూ రాలేదు. పత్తికి పోయాడు. తర్వాత ఎంత చెప్పినా వాడికి ఆ పాఠం ఎక్కలేదు, సిగ్గుపడి అడగడం కూడా మానేశాడు. వాడికి తెలివి లేక కాదు. నారు పోసినప్పుడు నీళ్లు పెట్టక, పొట్టకొచ్చినప్పుడు ఎన్ని నీళ్లు పెడితే ఏం లాభం?

అందుకే సంఘం సభ్యులుగా మనం ఒక మాట అనుకుందాం. ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే ఆ ఒక్క ఏడాది పని దినాల్లో చేనుకు తీసుకుపోం. రాత్రి మోటరు దగ్గరికి పంపం. ఆడపిల్ల అయితే వంట పని, తమ్ముళ్ల పని కూడా తగ్గిస్తాం. కూలి ఖర్చు పెరుగుతుంది, నిజమే. అది కూడా ఆ పంట పెట్టుబడే అనుకోవాలి.

పిల్లలు చదివే తీరు గురించి రెండు మాటలు. మన పిల్లలు గట్టిగా చదువుతారు, రాయరు. పరీక్ష రాతలో ఉంటుంది. చదివిన పాఠం పుస్తకం మూసి కాగితం మీద రాసి చూసుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు ఐదారు గడియారం పెట్టుకుని పూర్తిగా రాస్తే, ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు వస్తాయో పిల్లలకే తెలుస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ తక్కువ ధరకు దొరుకుతాయని సంచి నిండా గైడ్లు కొనుక్కుపోతారు కొందరు. కొనండి, తప్పు లేదు. కానీ పాత సిలబస్‌వి కొనకండి. బడిలో ఉచితంగా ఇచ్చిన పాఠ్యపుస్తకాన్ని మించిన గైడు లేదు. వెనకబడిన పిల్లలు అన్నీ ఒకేసారి మొదలుపెట్టకూడదు. ప్రతి సబ్జెక్టులో తేలికైన పాఠాలు మూడు, నాలుగు పట్టుకుని అవి బాగా రావాలి. పాస్ కావడానికి 35 కావాలి. ముందు ఆ గట్టు వేసుకుంటే తర్వాత మడి నింపుకోవచ్చు.

ఇంకొకటి, పేరు. పరీక్ష ఫీజు కట్టే సమయంలో బడిలో పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ రాసి పంపుతారు. ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా లేదా అప్పుడే చూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడితే ఎన్ని రోజులు తిరిగామో మనకు తెలుసు. పదో తరగతి మెమో కూడా అంతే. పుట్టిన తేదీకి జీవితాంతం అదే రుజువు.

పరీక్ష రోజు దారి సంగతి కూడా పెద్దవాళ్లే చూసుకోవాలి. ఇంటర్ పరీక్షలకు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వమనే నిబంధన చాలా ఏళ్లు నడిచింది. 2024లో పరీక్షల మధ్యలో ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. బస్సు ఒకటే ఉన్న ఊరికి ఐదు నిమిషాలు ఏం సరిపోతాయి? పరీక్షకు ముందు రోజే సెంటరు చూసి రావాలి. ఊళ్లో ఎవరి ఆటో ఏ రోజు ఎంతమందిని తీసుకుపోతుందో సంఘమే రాసి పెట్టాలి.

పది తర్వాత దారులు ఎన్ని?

మన ఊళ్లల్లో అడిగితే రెండే చెబుతారు. మగపిల్లవాడైతే ఎంపీసీ, ఆడపిల్లయితే బైపీసీ. నిజానికి దారులు చాలా ఉన్నాయి.

ఎంపీసీ అంటే లెక్కలు, భౌతికం, రసాయనం. ఇంజనీరింగు వైపు పోతుంది. లెక్కలంటే భయమున్న పిల్లను ఇందులో తోయొద్దు. బైపీసీలో జీవశాస్త్రం ఉంటుంది. దీని నుంచి డాక్టరు ఒక్కటే కాదు, వ్యవసాయం, ఉద్యానం, పశువైద్యం, చేపల పెంపకం, నర్సింగు, ఫార్మసీ అన్నీ ఉన్నాయి. డాక్టరు సీటుకు నీట్, వ్యవసాయ, ఫార్మసీ సీట్లకు ఈఏపీసెట్. సీఈసీలో పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం. ఎంఈసీలో లెక్కలు, అర్థశాస్త్రం, వాణిజ్యం. బ్యాంకు, ఆడిటు పనులకు, గ్రూప్స్ ఉద్యోగాలకు ఇవేమీ తక్కువ చదువులు కావు. మన ఎఫ్‌పీవోల్లో, సహకార సంఘాల్లో లెక్కలు చూసే మనిషి దొరకక ఎంత ఇబ్బంది పడుతున్నామో మీకు తెలుసు.

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. మంచి మార్కులు వచ్చినవాళ్లకు బాసర ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో పెట్టిన ఆ సంస్థలో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల కోర్సు, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. మోడల్ స్కూళ్లు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ ఉంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం. వృత్తి విద్యా కోర్సుల్లో పంటల సాగు కోర్సు కూడా ఉంది.

మన ఇళ్లకు దగ్గరి దారి ఒకటుంది, అది చాలామందికి తెలియదు. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా నడుపుతుంది. దాన్ని బాగా చదివినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీ వ్యవసాయంలోకి పోవచ్చు. బైపీసీ చదివినవాళ్లకు రాజేంద్రనగర్, పొలాస, అశ్వారావుపేట, పాలెం లాంటి చోట్ల బీఎస్సీ వ్యవసాయ కళాశాలలు ఉన్నాయి. ఈ సీట్లలో రైతు కోటా ఉంది. కనీసం ఎకరం భూమి ఇంటి పేరు మీద ఉండాలి, పన్నెండేళ్ల చదువులో నాలుగేళ్లు పల్లెలో చదివి ఉండాలి. పాసుపుస్తకం, బడుల నుంచి చదివిన ధ్రువపత్రాలు కావాలి. కౌన్సెలింగు రోజు ఉదయం ఆ కాగితం కోసం పరుగెత్తి సీటు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. నోటిఫికేషన్ రాగానే ఆ ఏటి నిబంధనలు చదివి కాగితాలు ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక్కడ సంఘం అడగాల్సింది కూడా ఉంది. ఈ కోటా భూమి కాగితం మీద నిలబడింది. పది ఎకరాలు కౌలుకు చేసేవాడి దగ్గర ఆ కాగితం ఉండదు. చేనుతో సంబంధం లేకుండా పట్నంలో ఉండే పట్టాదారు దగ్గర ఉంటుంది. వ్యవసాయ కూలీల పిల్లలకు కూడా సీట్లు ఇస్తామని 2025లో విశ్వవిద్యాలయం చెప్పింది, మంచిదే. కౌలు రైతు పిల్లల మాట ఎవరు ఎత్తుతారు? మనమే ఎత్తాలి.

గ్రూపు తేల్చుకునే ముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. పిల్లకు ఏ పాఠం చెప్పకపోయినా చదవబుద్ధి అవుతుంది? ఆ చదువు మొత్తానికి, హాస్టలు, పుస్తకాలు, కోచింగు కలిపి చివరిదాకా ఎంత అవుతుంది? అనుకున్నది రాకపోతే పక్కదారి ఏముంది? మొదటి ప్రశ్నకు జవాబు పిల్లే చెప్పాలి. రెండోది పెద్దవాళ్లు నిజంగా చెప్పాలి, దాచకుండా చెప్పాలి. పిల్లలకు అప్పు సంగతి తెలియకూడదని మనం అనుకుంటాం. వాళ్లకు తెలుసు. గోడ అవతల నుంచి వింటారు. వినీ వినక విన్న అప్పు, ముందు పెట్టి చెప్పిన అప్పు కన్నా ఎక్కువ భయపెడుతుంది.

ఫలితం వచ్చిన రోజు

2021 డిసెంబరులో ఇంటర్ మొదటి ఏడాది ఫలితాలు వచ్చినప్పుడు సగం మందికి పైగా ఫెయిలయ్యారు. ఆ పిల్లలు కరోనా కాలంలో ఫోన్లలో పాఠాలు విన్నవాళ్లు. ఇంటికొక్క ఫోను, అదీ సిగ్నలు లేని చోట. ఆందోళన జరిగాక ప్రభుత్వం అందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేసింది. పిల్లవాడి పేరు పక్కన రాసే ఫెయిల్ అనే మాటలో ఊరిది ఎంత, సర్కారుది ఎంత, పిల్లవాడిది ఎంత ఉందో ఆ ఏడు తెలిసింది. వాన పడక పంట ఎండితే రైతుకు వ్యవసాయం రాదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

మార్కులు తక్కువ వచ్చాయని అనుమానం ఉంటే రీకౌంటింగు అడగొచ్చు. అంటే వేసిన మార్కులు సరిగ్గా కూడారా అని చూస్తారు. రీవెరిఫికేషన్ అడిగితే దిద్దకుండా వదిలిన జవాబులున్నాయేమో చూసి, జవాబు పత్రం కాపీ కూడా ఇస్తారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఏడ్చుకుంటూ ఆ రోజులు పోగొట్టుకోవద్దు. తప్పినవాళ్లకు అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది. దాన్ని పాసైతే ఏడాది పోదు.

ఆ రోజు తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒక్కటే. పక్కన కూర్చోవాలి, కలిసి అన్నం తినాలి. లెక్కలు రేపు మాట్లాడుకోవచ్చు. నీ కోసం అప్పు చేశానన్న మాట ఆ రోజు నోటి నుంచి రాకూడదు. పిల్ల ఒంటరిగా ఉంటున్నా, తిండి మానేసినా, ఎవరితో మాట్లాడకపోయినా టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మన సంఘం బోర్డు మీద రాయించండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందే చోట ఉంచకండి. ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లను కూడా అలాగే పోగొట్టుకున్నాం.

మనం చేయగలిగింది

ఈ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం మీ అందరికీ తెలుసు. నుమాయిష్ 1938లో మొదలైంది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ టికెట్ల మీద, స్టాళ్ల మీద వచ్చిన డబ్బుతో కాలేజీలు పెట్టింది. ఆ మైదానంలోనే ఆడపిల్లలకు కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఉన్నాయి. జనం సరదాగా కట్టిన టికెట్టు డబ్బు చదువైంది. మన దగ్గర అంత డబ్బు లేదు. మనుషులున్నారు, చోటు కూడా ఉంది.

ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. సాయంత్రమైతే చాలావాటికి తాళమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వాటిని పదో తరగతి, ఇంటర్ పిల్లల చదువుకు తెరవమని ప్రతి మండలంలో వ్యవసాయ అధికారికి దరఖాస్తు పెడదాం. ఫ్యాన్లు, లైట్లు, బల్లలు ఉన్నాయి. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు ఒకరిద్దరు వచ్చి కూర్చుంటే చాలు. ఆడపిల్లలను ఇంటికి చేర్చే బాధ్యత సంఘం సభ్యులు వంతులవారీగా తీసుకోవాలి.

ప్రతి గ్రామ కమిటీలో ఒక మనిషిని చదువుల బాధ్యుడిగా పెట్టండి. ఆడమనిషి అయితే ఇంకా మంచిది. ఊళ్లో పదో తరగతి చదివే పిల్లల జాబితా ఆమె దగ్గర ఉండాలి. ఫలితం వచ్చిన సాయంత్రం తప్పిన పిల్లల ఇంటికి ముందు పోవాల్సింది ఆమే. పాసైన ఇంటికి మిఠాయి తినడానికి మర్నాడు పోవచ్చు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుదాం. జూనియర్ కాలేజీల్లో ఖాళీలు నింపాలి. పరీక్ష రోజుల్లో పల్లె బస్సులు పెంచాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇయ్యాలి, వాటి పేరుతో సర్టిఫికెట్లు ఆపనివ్వకూడదు. ఈ కోరికలను మద్దతు ధర కోరిక పక్కనే అదే కాగితం మీద రాద్దాం.

పోయేముందు ఒక్క మాట. ఈ రాత్రి ఊరికి చేరాక మీ ఇంట్లో తొమ్మిదో, పదో చదివే పిల్ల మేలుకుని ఉంటే, "నీకు ఏం చదవాలనుంది బిడ్డా?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఇంతవరకు ఎవరూ అడగలేదు కదా. రెండు రోజులాగి మళ్లీ అడగండి. నేను అడగాల్సిన రోజు అడగలేదు. మీకు ఇంకా సమయం ఉంది.